వానరాత్రి మేడ మీద వేసుకోవడానికి, ఎవరూ పెద్దగా చూడని దయ్యాల కథల సంపుటి సినిమాలు చెప్పండి

అర్ధరాత్రి ఆటో | ఆదివారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. చెన్నై చూళైమేడులో మేముండే ఇంటి మేడ మీద వచ్చే శనివారం రాత్రి ఎనిమిది మందిమి చేరుతున్నాం. ప్రొజెక్టరు ఆఫీసులో స్నేహితుడిది, తెర మా మామగారి పంచె. పైన రేకుల షెడ్డుంది కాబట్టి వానొచ్చినా దిగులు లేదు.

ఒకే సినిమాలో మూడు నాలుగు కథలుండేది కావాలి. ఎందుకంటే మావాళ్ళలో ఒకడు నలభై నిమిషాలు దాటితే గురక పెడతాడు. ఇద్దరు టీ, సిగరెట్ అంటూ లేస్తూనే ఉంటారు. మా ఆవిడ పిన్ని గూడూరు నుంచి వచ్చి ఉంది, ఆవిడకి సబ్‌టైటిల్స్ పడవు. కథలు చిన్నవైతే ఎవరు ఎక్కడ లేచినా కొంప మునగదు.

క్రీప్‌షో, వీహెచ్‌ఎస్, ట్రిక్ ఆర్ ట్రీట్, నెట్‌ఫ్లిక్స్ 'ఘోస్ట్ స్టోరీస్' అన్నీ అయిపోయాయి. వర్మ తీయించిన 'డర్నా మనా హై' (2003) అయితే డైలాగులతో సహా వచ్చు. దయచేసి పది పేర్లు పడేసి వెళ్ళిపోకండి. తలా ఒకటి చాలు. ఏ కథ కోసం చూడాలో, ఎందుకో చెప్పండి.

సబ్‌టైటిల్ సీను | ఆదివారం, రాత్రి 11:41

క్వైడాన్. 1964, జపాన్, మసాకి కొబయాషి. నాలుగు కథలు, మూడు గంటల మూడు నిమిషాలు. కాన్ చిత్రోత్సవంలో జ్యూరీ ప్రత్యేక బహుమతి వచ్చింది. విమానాలు పెట్టే షెడ్డులో సెట్లు వేసి తీశారు, అందుకే అందులో ఆకాశం కూడా చేత్తో వేసిన బొమ్మే. మంచు కథలో ఆ ఆకాశంలో కళ్ళుంటాయి, చూడండి. మీరు వాళ్ళని చూస్తున్నట్టుండదు, పైనుంచి ఎవరో మిమ్మల్ని చూస్తున్నట్టుంటుంది.

'చెవుల్లేని హోయిచి' కథ ఒక్కదానికైనా చూడాలి. గుడ్డి పాటగాడు రోజూ రాత్రి ఎవరికో పాడటానికి వెళ్ళొస్తుంటాడు. దయ్యాలకు కనపడకుండా ఉండాలని అతని ఒంటినిండా మంత్రాలు రాస్తారు. ఎక్కడ రాయడం మరిచిపోయారో కథ పేరే చెబుతోంది కదా. పేరులోనే ముగింపు చెప్పేసి కూడా భయపెట్టాడు చూడండి, అదీ దమ్ము.

ఓరుగల్లు పోరడు | ఆదివారం, రాత్రి 11:58

సీనన్నా, మూడు గంటలా? ఆయన చెప్పిన గురక దోస్తు అండ్ల నాలుగుసార్లు పండి లేస్తడు.

నేను చెప్పేది సౌత్‌బౌండ్ (2015). ఎడారిల ఒక రోడ్డు, దాని మీద అయిదు కథలు. ఒక కథల ఉన్నోడు పక్కకు తప్పుకుంటే ఇంకో కథ వాని ఎంట మొదలైతది. మూడోది జూడుండ్రి. రాత్రిపూట కారుల ఫోన్ మాట్లాడుకుంట వోతున్నోడు ఒక పిల్లను గుద్దేస్తడు. సాయం కోసం ఫోన్ జేస్తే అవతలోళ్ళు మంచిగనే మాట్లాడుతరు, దవాఖానకు తోలుకపొమ్మంటరు. పోతే అండ్ల ఒక్క మనిషి ఉండడు. ఇగ ఫోన్లనే చెప్తుంటరు, కత్తెర తీస్కో, ఇక్కడ కొయ్యి అని.

నేను సిరుసేరిల పని చేస్త. రాత్రి రెండింటికి షిఫ్టు అయినంక బండి మీద ఓఎంఆర్ రోడ్డు పట్టుకొని వస్త. గా సినిమా జూసినంక వారం దినాలు హెడ్‌ఫోన్ వెట్టుకోలే.

కత్తెర పిన్ని | సోమవారం, ఉదయం 6:15

నేను సాలిగ్రామంలో ఇరవయ్యేళ్ళు ఎడిటింగ్ రూముల్లో అసిస్టెంటుగా పనిచేశాను. రీళ్ళు అతికించడం, ట్రిమ్ములు ఏరిపెట్టడం నా పని. కళ్ళు పోయాయి గానీ చెవులు ఇంకా బాగున్నాయి. అందుకే చెవితో చూడాల్సిన సినిమా చెబుతా.

మారియో బావా తీసిన బ్లాక్ సబ్బాత్ (1963). ఇటలీ పేరుకి అర్థం 'భయానికి మూడు ముఖాలు'. మీ కుర్రాళ్ళకి ఆ పేరుతో ఉన్న బ్యాండ్ తెలిసే ఉంటుంది. వాళ్ళు ఈ సినిమా పేరే పెట్టుకున్నారు.

మూడో కథ పేరు నీటిచుక్క. సోదె చెప్పే ముసలావిడ చచ్చిపోతుంది. ఒంటికి బట్టలు మార్చడానికి వచ్చిన నర్సు, శవం వేలినున్న ఉంగరం లాగేసుకుంటుంది. ఉంగరం నేలన పడి గ్లాసుకి తగులుతుంది, గ్లాసులో నీళ్ళు చుక్కచుక్కగా కారతాయి, ఒక ఈగ వచ్చి ఉంగరమున్న చోట వాలుతుంది. ఇంతే సరంజామా. నర్సు ఇంటికెళ్ళాక కొళాయి కారుతుంది. పోయి కడుతుంది. ఇంకో గదిలో కారుతుంది. అక్కడ కడుతుంది. చుక్క సమంగా పడుతున్నంతసేపూ మనం ఊపిరి దానికి తగ్గట్టే తీసుకుంటాం. ఒక్క చుక్క ఆలస్యమైతే చాలు, ఊపిరి అక్కడ ఆగిపోతుంది. సౌండు ట్రాకు మీద ఆ ఖాళీని చేత్తో కొలిచి అతికించినవాడెవడో వాడికి దండం పెట్టాలి.

ఇటలీ ప్రింటే చూడండి. అమెరికావాళ్ళు కథల వరస మార్చి, చివరి నీటిచుక్కని మొదటికి తెచ్చారు, సంగీతం మార్చారు, టెలిఫోన్ కథలో లేని దయ్యాన్ని తెచ్చి పెట్టారు. సంపుటిలో వరస అంటే విస్తట్లో వడ్డన. పెరుగన్నం ముందు పెట్టి పప్పు తర్వాత తెస్తే ఏం తింటాం?

ఇటలీ ప్రింటు చివర ఇంకో చమత్కారం ఉంది. నటుడు బోరిస్ కార్లాఫ్ గుర్రం మీద వెళుతూ మాట్లాడుతుంటాడు. కెమెరా వెనక్కి వస్తే అది బొమ్మ గుర్రం, చుట్టూ మనుషులు చెట్టుకొమ్మలు పట్టుకుని గుండ్రంగా పరిగెడుతుంటారు. అంతసేపూ భయపెట్టి చివర్న 'ఇదిగో, ఇలా తీశాం' అని నవ్వేశాడు. ఫ్లోర్ల మీద పనిచేసినవాళ్ళకి ఆ షాటు చూస్తే కళ్ళు చెమరుస్తాయి.

నైటు డ్యూటీ | సోమవారం, ఉదయం 9:02

పిన్నీ, నేను నర్సుని. ఆ సినిమా చూశాను. దయ్యం కన్నా నన్ను భయపెట్టింది ఆవిడ ఉంగరం లాగిన పద్ధతి. మా వార్డులో ఎవరైనా పోతే ఒంటిమీద ఉన్న ముక్కుపుడకతో సహా కాగితం మీద రాసి, ఇద్దరం సంతకాలు పెట్టి, ఇంటివాళ్ళ చేతికిచ్చి వాళ్ళ సంతకం తీసుకుంటాం. వేళ్ళు ఉబ్బి ఉంగరం రాకపోతే బలవంతం చెయ్యం. సినిమాలో ఆవిడ చుట్టూ చూసి, లాగుతుంది చూశారా, నా సీనియర్ అయితే దయ్యం దాకా ఆగేది కాదు.

నా వంతు. త్రీ (2002)లో గోయింగ్ హోమ్, హాంకాంగ్ కథ. పీటర్ చాన్ తీశాడు. దాదాపు ఖాళీ అయిపోయిన పాత ఫ్లాట్లు. ఎదురింట్లో ఒక మూలికా వైద్యుడు, భార్యకి రోజూ కషాయాలతో స్నానం చేయిస్తుంటాడు, జుట్టు దువ్వుతాడు, కబుర్లు చెబుతాడు. ఆవిడ పలకదు. పైకి చెప్పుకోవడానికి దయ్యం కథ, లోపల మాత్రం పేషెంటుని వదల్లేని మనిషి కథ. డ్యూటీ అయ్యాక బస్సులో ఫోన్‌లో చూశాను, దిగాల్సిన స్టాపు దాటి రెండు స్టాపులు పోయాను.

దీని తర్వాత వచ్చిన త్రీ ఎక్స్‌ట్రీమ్స్ (2004)లో డంప్లింగ్స్ కథ ఉంది. బాగుంటుంది, కానీ మీ మేడ మీద కొళుక్కట్టైలు, అంటే మన కుడుములు, పెట్టే ఆలోచన ఉంటే వద్దు.

మైలాపూర్ మనవడు | సోమవారం, మధ్యాహ్నం 1:30

నేను మూడో తరం మద్రాసు తెలుగు, చదవడం నాది నత్తనడక, రాయడం ఇంకా మోశం. తప్పులుంటే మన్నించండప్పా.

నాకు ఒక సందేహం. అందరూ కథల గురించే చెబుతున్నారు, కథల్ని మోసేవాడి గురించి ఎవరూ చెప్పట్లేదు. మా తాత చందమామ తెప్పించేవాడు, పక్కింటివాళ్ళు అంబులిమామ. రెండూ వడపళనిలో ఒకే చోట అచ్చయ్యేవి. భేతాళ కథ పక్కన శంకర్ గారి బొమ్మ ఉంటుంది కదా, రాజు భుజం మీద శవం, చేతిలో కత్తి. ఇప్పుడు ఆలోచించండి, భేతాళుడు చెప్పే కథల్లో దయ్యాలెన్ని? చాలావరకు రాజులు, పెళ్ళిళ్ళు, ఎవరు త్యాగి, ఎవరు మూర్ఖుడు అనే పంచాయితీ. మరి చిన్నప్పుడు అది చదివి ఎందుకు భయపడ్డాం? భుజం మీద ఉన్న బరువు వల్ల. కథ చెబుతున్నది శవం కాబట్టి.

అందుకే నాకు నచ్చినది అసైలం (1972), ఇంగ్లండులో అమికస్ అని ఒక కంపెనీ తీసింది. ఇలాంటి సంపుటాలు వాళ్ళు వరసగా తీశారు. ఒక కుర్ర డాక్టరు ఉద్యోగానికి పిచ్చాసుపత్రికి వస్తాడు. అక్కడి పెద్ద డాక్టరుకే పిచ్చెక్కి పేరు మార్చుకుని రోగుల్లో కలిసిపోయాడట. నలుగురి కథలు విను, వాళ్ళలో ఆ డాక్టరు ఎవరో కనిపెడితే ఉద్యోగం నీది అంటారు. సెమ ఐడియా! తెలిసీ చెప్పకపోతే తల వేయి చెక్కలవుతుంది అన్నట్టే. మొదటి కథలో గోధుమరంగు కాగితంలో చుట్టి దారం కట్టిన పొట్లాలుంటాయి. పొట్లాల్లో ఏముందో మనకి తెలుసు. ఒక పొట్లం కాగితం లోపలికీ బయటికీ ఆడుతుంది, ఊపిరి తీసినట్టు.

వాళ్ళదే ఫ్రమ్ బియాండ్ ద గ్రేవ్ (1974) కూడా. పాత సామాన్ల కొట్టు, పీటర్ కుషింగ్ కొట్టువాడు. బేరంలో అతన్ని మోసం చేసినవాడికి ఇంటికెళ్ళాక ఉంటుంది. తాతకి చూపిస్తే '1985లో కాలిపోకపోయుంటే మన మూర్ మార్కెట్లోనూ ఇలాంటివి పది తీయొచ్చు' అన్నాడు.

సబ్‌టైటిల్ సీను | సోమవారం, మధ్యాహ్నం 2:10

మోసేవాడి మాటకొస్తే అందరికీ తాత డెడ్ ఆఫ్ నైట్ (1945). ఈలింగ్ స్టూడియో, నలుగురు దర్శకులు. ఒక ఆర్కిటెక్టు పల్లెటూరి ఇంటికి వస్తాడు, అక్కడున్నవాళ్ళందర్నీ కలలో ముందే చూశానంటాడు. దాంతో తలా ఒక అనుభవం చెబుతారు. మాట్లాడే బొమ్మని ఆడించేవాడి కథ ఇందులోదే. అమెరికాలో విడుదల చేసినప్పుడు రెండు కథలు కోసేశారు. కోసిన ప్రింటులో గోల్ఫు కథ ఉండదు, అది కొద్దిగా జోకులాటే గానీ, అక్కడ నవ్వించబట్టే ఆ తర్వాత బొమ్మ కథ అంత గట్టిగా తగులుతుంది. చివర్న ఆర్కిటెక్టు...

కాపలాదారు | సోమవారం, మధ్యాహ్నం 2:14

సీను గారూ, ముగింపు రాసిన రెండు వాక్యాలు తీసేశాను. పోయిన నెల గొడవ చాలదా?

ఓరుగల్లు పోరడు | సోమవారం, మధ్యాహ్నం 2:20

సీనన్నను కోసేసిన ప్రింటు 😂

చింతచెట్టు కింద | సోమవారం, రాత్రి 8:45

థాయ్‌లాండ్ సినిమా ఒకటి నా తరఫున. 4బియా (2008). ప్రియమణి 'చారులత' చూశారు కదా, దాని మాతృక అలోన్ తీసిన ఇద్దరూ ఇందులో చెరో కథ తీశారు. కానీ నేను చెప్పేది వాళ్ళ కథ కాదు. మొదటిది, హ్యాపీనెస్. కాలు విరిగి కట్టుతో ఉన్న అమ్మాయి, ఫ్లాటులో ఒంటరిగా ఉంటుంది. ఎవరో తెలియని నంబరు నుంచి మెసేజ్ వస్తుంది. ఊసుపోక జవాబిస్తుంది. దాదాపు మాటలే లేవు. అంటే మీ పిన్నిగారికి సబ్‌టైటిల్స్ గొడవ తక్కువ, మెసేజులు మాత్రం ఎవరైనా చదివి వినిపిస్తే చాలు.

బీచ్ స్టేషన్ దగ్గర ఒక కొట్లో డీవీడీ కొన్నాను అప్పట్లో. సరిగ్గా అవతలి వ్యక్తి ఫొటో పంపే చోట డిస్కు ఇరుక్కుంది. ఆ ఫొటో తెర మీద అలాగే నిలబడిపోయింది. రిమోటు నొక్కినా కదల్దు. పావుగంట ఆ ఫొటోతో ఒంటరిగా ఉన్నాను. ప్లగ్గు పీకేసి పడుకున్నా.

మూడో కథలో నలుగురు కుర్రాళ్ళు అడవిలో డేరా వేసుకుని సినిమాల ముగింపులు బయటపెట్టుకుంటుంటారు. కాపలాదారు గారు చూడకపోవడమే మంచిది.

నైటు డ్యూటీ | సోమవారం, రాత్రి 9:30

బెంగాలీవి ఎవరూ చెప్పలేదేం? సత్యజిత్ రాయ్ తీన్ కన్యా (1961) సంపుటే, అందులో రెండోది మణిహార అచ్చమైన దయ్యం కథ. టాగూర్ రాసింది. నగల పిచ్చి ఉన్న భార్య, ఆమె చల్లగా ఒక్క మాట మాట్లాడితే చాలనుకునే భర్త. పెద్ద బంగళా, నిండా సగ్గుబియ్యం పోసినట్టు బొమ్మలు, గడియారాలు, ఒక్క పిల్లవాడి అలికిడి లేదు. విదేశాలకు పంపినప్పుడు ఈ కథనే వదిలేసి మిగతా రెండే చూపించారు, అందుకే పేరు తక్కువ. కథ చెప్పేది రేవు మెట్ల మీద కూచున్న బడిపంతులు, వినేది దుప్పటి కప్పుకున్న ఎవరో. మనవడు గారి భేతాళ సూత్రానికి సరిపోతుంది.

ఆయన కొడుకు సందీప్ రాయ్ తీసిన జేఖానే భూతేర్ భోయ్ (2012) కూడా ఉంది, పిల్లలతో చూడొచ్చు. అందులో బ్రౌన్ సాహెబు ఇంటి కథ ఉంది కదా, రాయ్ రాసిన అసలు కథ జరిగేది బెంగళూరులో. మన పక్కూరు దయ్యమే.

అర్ధరాత్రి ఆటో | మంగళవారం, రాత్రి 10:05

అందరికీ దండాలు. తీర్మానం చేశా: ఒక సినిమా కాదు. నీటిచుక్క, హ్యాపీనెస్, మణిహార, అసైలంలో పొట్లాల కథ. నాలుగు సినిమాల్లోంచి నాలుగు కథలు.

సబ్‌టైటిల్ సీను | మంగళవారం, రాత్రి 10:11

ఘోరం. నాలుగు పెళ్ళిళ్ళకెళ్ళి నాలుగు చోట్లా పాయసమే తాగొచ్చినట్టు. దర్శకుడు ఒక వరసలో పేర్చినదాన్ని చింపడమేంటి? కత్తెర పిన్నీ, మీరైనా చెప్పండి.

కత్తెర పిన్ని | బుధవారం, ఉదయం 6:05

నన్నడిగితే చింపుకోవచ్చు. నా బతుకంతా అదే పని కదా. కానీ ఒక చిక్కుంది బాబూ. నువ్వు దండలోంచి పూలు తెంపుకుంటున్నావు, దారం అక్కడే వదిలేస్తున్నావు. మణిహారలో పంతులున్నాడు, సరే. మిగతావాటికి కథకీ కథకీ మధ్య ఏం పెడతావు? లైటేసి టీ తాగితే భయం చల్లారిపోతుంది, ప్రతిసారీ మళ్ళీ మొదట్నుంచి రాజేసుకోవాలి. మధ్యలో మాట్లాడే మనిషొకరు కావాలి. లైటు వెయ్యకుండా.

అర్ధరాత్రి ఆటో | ఆదివారం, మధ్యాహ్నం 12:40

జరిగింది చెబుతా.

తొమ్మిదిన్నరకి మొదలెట్టాం. పంచెకున్న జరీ అంచు కింద పడేలా కట్టాం, దాంతో ఇటలీ నర్సు నడుమంతా జరీ. నీటిచుక్క సగంలో ఉండగా రేకుల మీద నిజంగానే వాన మొదలైంది. కత్తెర పిన్ని చెప్పిన ఆ ఖాళీలు మాకు వినపడలేదు గానీ, షెడ్డు మూలనుంచి బకెట్లో చుక్క పడటం మాత్రం అందరికీ వినపడింది. గురక మిత్రుడు లేచెళ్ళి బకెట్ తీసేశాడు. తీసేస్తే నేల మీద పడటం మొదలైంది.

హ్యాపీనెస్‌లో మెసేజులు మా ఆవిడ చదివి వినిపించింది, గొంతు తగ్గించి. అదే నడుస్తుండగా నా ఫోన్‌కి తెలియని నంబరు నుంచి మెసేజ్. ఇద్దరు అరిచారు. కింద ఇంటి ఓనరు మామ కొత్త నంబరట, నీళ్ళ మోటారు ఆపమని.

మణిహార మా ఆవిడ పిన్నికి బాగా ఎక్కింది. బెంగాలీ ఒక్క ముక్క రాదు, అయినా ఎక్కడా అడగలేదు. ఆ భర్త నగల పెట్టె తెచ్చి ముందు పెట్టినప్పుడు మాత్రం "తెచ్చాడు సరే, తరుగెంత వేశారో కనుక్కున్నాడా?" అంది. అందరం నవ్వాం. ఆ తర్వాత అయిదు నిమిషాలకి ఎవరూ నవ్వలేదు.

నాలుగోది పెడదామనేసరికి కరెంటు పోయింది. వీధంతా చీకటి. ఎవరో ఫోన్ టార్చి వేయబోతే పిన్ని వద్దంది. "మా తాత చెప్పింది చెబుతా ఉండండి" అని మొదలెట్టింది.

తాత వెంకటగిరి జాతర చూసుకుని బండి కట్టుకుని వస్తున్నాడంట. బండి కింద లాంతరు. పక్కన ఎనిమిదేళ్ళ పిల్ల, అంటే పిన్ని వాళ్ళమ్మ. వాగు దాటే చోట ఎద్దులు నిలబడిపోయాయి. ముల్లుకర్రతో పొడిచినా కదల్లేదు. గట్టు మీద ఒక ఆడమనిషి, తలనిండా పూలు. "ఆకు వేసుకుంటన్నా, కాస్త సున్నం ఉంటే పెట్టన్నా" అనడిగింది. తాతకి తెలుసు, రాత్రిపూట ఆడమనిషి సున్నం అడిగితే చేత్తో ఇవ్వకూడదని, ఇనుప వస్తువు కొసన పెట్టి ఇవ్వాలని. సంచిలో అడకత్తెర ఉండాలి. చెయ్యి పెట్టి వెతికాడు. లేదు. జాతరలో ఎవరికో ఇచ్చి మరిచిపోయాడు. ఆమె చెయ్యి చాపే ఉంది. గాజులు చప్పుడు చేశాయి. ఆ చప్పుడు ఎదురుగా రాలేదంట. పక్కన పిల్ల కూచున్న వైపునుంచి వచ్చిందంట. తాత మెల్లగా అటు తిరిగి...

కరెంటొచ్చింది. ఫ్యాను తిరిగింది, పంచె మీద నీలం వెలుగు పడింది. పిన్ని లేచి "ఇంక మీ సినిమా పెట్టుకోండి" అని చీర సర్దుకుని కిందకి దిగిపోయింది.

పొట్లాల కథ పెట్టాం. ఎవరూ చూసినట్టు లేదు.

మైలాపూర్ మనవడు | ఆదివారం, మధ్యాహ్నం 12:52

అప్పా! తిరిగితే ఏముంది?

కత్తెర పిన్ని | ఆదివారం, మధ్యాహ్నం 1:03

నాకు ఆ ఆవిడని ఒకసారి కలపండి.

నైటు డ్యూటీ | ఆదివారం, మధ్యాహ్నం 1:10

పక్కన కూచున్న పిల్ల పెద్దదయ్యి, పెళ్ళయ్యి, మీ పిన్నిగారిని కన్నది కదా. అంటే ఏం కాలేదన్నమాట. కదా?

అర్ధరాత్రి ఆటో | ఆదివారం, సాయంత్రం 6:30

పొద్దున్నే అడిగాను. కాఫీ చల్లారబెట్టుకుంటూ "వెలుగులో చెబితే పస ఉండదబ్బాయ్. మళ్ళీ కరెంటు పోయినప్పుడు చెబుతా" అంది. నైటు డ్యూటీ గారి ప్రశ్న కూడా అడిగాను. నవ్వి ఊరుకుంది.

ఓరుగల్లు పోరడు | ఆదివారం, సాయంత్రం 6:34

అన్నా, మీ చూళైమేడుల కరెంటు మల్ల ఎప్పుడు వోతదో జర ముందుగాల చెప్పు. బండేసుకొని వస్త.